షాపు పెట్టుకుంటే పింఛను తీసెయ్యాలా?

వికలాంగుడు కష్టపడి ఏదో పని చేసుకుంటున్నాడంటే మెచ్చుకోవాల్సింది పోయి, ఆడికింకా పింఛనేటి అని అడిగేవాళ్లు మన విజయనగరం జిల్లాలో ఇంతమంది ఉన్నారా! మా తమ్ముడికి చిన్నప్పుడే పోలియో, కుడికాలు. చీపురుపల్లిలో సెల్‌ఫోన్ రిపేరు షాపు నడుపుతున్నాడు. మొన్న ఊరి వాట్సాప్ గ్రూపులో ఒక పెద్దాయన వాయిస్ మెసేజ్, "షాపెట్టుకుని సంపాదిత్తన్నాడు కదా బావూ, ఆరువేలు ఇంకెందుకు ఆడికి?" అని. కింద అందరూ థంబ్స్ అప్‌లు. గ్రూపులో గొడవెందుకని ఊరుకున్నాను, ఇక్కడ చెప్తాను.

ఖర్చు సంగతి చూడండి ముందు. మావైపు అందరికీ షేర్ ఆటోలే దిక్కు. మీరు చెయ్యెత్తితే ఆగుతుంది, 20 రూపాయలిచ్చి దిగిపోతారు. మావాడు కర్రలతో నిలబడితే సగం మంది చూసీ చూడనట్టు వెళ్లిపోతారు, వీడు ఎక్కేసరికి టైం పడుతుంది, కర్రలకి ఒక మనిషి చోటు పోతుంది, వాళ్ల బాధ వాళ్లది. అందుకని సరుకు తేవాలన్నా ఆస్పత్రికెళ్లాలన్నా ఆటో మొత్తం మాట్లాడుకోవాల్సిందే. కర్రల అడుగున రబ్బరు బుష్షులుంటాయి చూశారా, రోడ్డు మీద తిరిగితే ఇట్టే అరిగిపోతాయి, అరిగినదాంతో వానలో టైల్స్ మీద కర్ర ఆనిస్తే జర్రున జారిపోతుంది. పోలియో కాలికి ఆసరాగా కట్టుకునే క్యాలిపర్ బెల్టు తెగితే కుట్టించాలి, దాని బూటు అరిగితే మళ్లీ చేయించాలి. నాకు ఈ ఖర్చులు ఒక్కటీ లేవు. ఇద్దరం ఒకటే సంపాదించినా వాడికి మిగిలేది తక్కువ, పింఛను డబ్బులు ఆ తేడాకే సరిపోతున్నాయి. షాపు తెరిస్తే ఆ తేడా పోతుందా? ఇంకా పెరుగుతుంది, రోజూ బయటకి వెళ్లాలి కదా!

2024లో రాష్ట్ర ప్రభుత్వం 3,000 ఉన్న పింఛన్ని 6,000 చేసింది, చాలా మంచి పని. కేంద్రం వాటా ఎంతో తెలుసా, నెలకి 300, అదీ 80 శాతం పైన వైకల్యం ఉన్న పేదలకే. కానీ పింఛనుకి కుటుంబ ఆదాయం పల్లెల్లో నెలకి 10,000, పట్నంలో 12,000 దాటకూడదని 2019లో పథకాలకి అర్హుల్ని తేల్చిన నవశకం సర్వేనాడు పెట్టిన పరిమితి ఉంది. వైకల్యం ఒకడిది, లెక్క ఇంటిల్లిపాదిదీ. పండక్కి గిరాకీ బాగుంటే సంతోషించాలా, భయపడాలా? బ్యాంకు లోనుకి ఆదాయం చూపించాలన్నా అదే భయం.

దొంగ సర్టిఫికెట్లు లేవని నేననను, ఏరెయ్యండి. కానీ 2025లో రీవెరిఫికేషన్ అని, వైకల్యం ఎంత శాతమో మళ్లీ చూస్తామని పిలిచినప్పుడు మావాడు మంచి షర్టు తీసి పక్కన పెట్టేసి, రంగు వెలిసినది వేసుకుని వెళ్లాడు. పోలియో కాలికీ షర్టుకీ సంబంధమేంట్రా అంటే, "బాగున్నట్టు కనిపిస్తే శాతం తగ్గించేస్తారేమో అన్నయ్యా" అన్నాడు. నిజంగా వైకల్యం ఉన్న మనిషి డాక్టరు ముందు నటించాలేమో అనుకునే పరిస్థితి తెచ్చాం, నాకు కడుపు మండిపోయింది. ఆ ఆగస్టులో వైకల్యం 40 శాతం లోపు వచ్చింది, పింఛను రాదని నోటీసులు ఎలా పంచారో, అప్పీళ్ల కోసం జనం ఎలా పరిగెత్తారో అందరం చూశాం.

సరే, పింఛను వద్దు ఉద్యోగం ఇవ్వండి అంటే అది ఎక్కడుంది? 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్. ప్రైవేటులో కనీసం 5 శాతం మంది ఉండేలా కంపెనీలకి ప్రోత్సాహకాలివ్వాలని కూడా అందులోనే రాశారు, కానీ ప్రైవేటోడు తీసుకోకపోతే అడిగేవాడు లేడు. మా వీధిలో వినపడని అమ్మాయి ఉంది, డిగ్రీ అయింది, టైపింగ్ చకచకా కొడుతుంది. డేటా ఎంట్రీ ఇంటర్వ్యూకెళ్తే ఫోనొస్తే ఎలా ఎత్తుతావని పంపేశారట. డేటా ఎంట్రీకి ఫోనెందుకండీ! ఇప్పుడు ఇంట్లో బ్లౌజులు కుడుతోంది, రేపు ఆమెనీ అంటారు కుట్టుకుంటోంది కదా అని.

మేం కొంతమందిమి వచ్చే సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్సుకి అర్జీ తీసుకెళ్తున్నాం. వికలాంగుడు సొంతంగా సంపాదించుకున్నది ఆ ఆదాయ పరిమితిలో కలపొద్దు, జిల్లాలో ఏ ఫ్యాక్టరీలో ఎంతమంది వికలాంగులు పనిచేస్తున్నారో బోర్డు మీద పెట్టండి, నడవలేనోళ్లకి వెరిఫికేషన్ ఇంటి దగ్గరే చెయ్యండి. ఈ మూడే అడుగుతున్నాం. సంతకం పెట్టేవాళ్లు కామెంట్లో ఊరిపేరు రాయండి, కాగితం మేమే తెస్తాం.