మర పక్షం, లివర్ పక్షం

(ఏలూరు. రాత్రి భోజనాలయ్యాయి. తెల్లవారుజామునే కొల్లేటి ఒడ్డున ఉన్న ఆటపాకకు బయల్దేరాలి. గూడబాతులు, కొంగలు గూళ్లు కట్టుకునే చోటు అది. సుగుణ బ్యాంకులో రిటైరై పక్షుల ఫొటోల్లో పడింది. ప్రభాకరం ఆర్టీసీ డిపో గ్యారేజీలో మెకానిక్‌గా రిటైరై ఆవిడ ట్రైపాడ్ (కెమెరా నిలబెట్టే ముక్కాలి స్టాండు) మోయడంలో పడ్డాడు. హాల్లో చాప మీద సరంజామా అంతా పరిచి ఉంది.)

ప్రభాకరం: మళ్లీ పార్శిలా? ఇందులో ఏముంది?

సుగుణ: క్లాంప్ అండీ. ట్రైపాడ్ తల మీద కూర్చుని, కెమెరా అడుగున బిగించిన ప్లేటుని పట్టుకునేది. మనకున్నది నాబ్ తిప్పేది, ఇది లివర్‌ది. టక్కున తెరుచుకుంటుంది, టక్కున మూసుకుంటుంది.

ప్రభాకరం: ఉన్నదానికేం రోగం? చక్కగా స్క్రూ మర మీద బిగుసుకుంటోందిగా.

సుగుణ: బిగుసుకునేసరికి కొంగ కైకలూరు దాటిపోతోంది.

ప్రభాకరం: కొంగ పోయేది నాబ్ వల్ల కాదు, నువ్వు "అదిగో అదిగో" అని కేకలు పెట్టడం వల్ల.

సుగుణ: పోయినసారి చీకట్లో మీరు చేసిన నిర్వాకం మరిచిపోయారా? ఆ బాల్ హెడ్‌కి, అదే బంతి మీద తిరిగే ట్రైపాడ్ తలకి, మూడు నాబులు. బంతిని బిగించేది ఒకటి, కింద అటూ ఇటూ తిప్పుకోవడానికి ఒకటి, క్లాంప్‌ది ఒకటి. బంతి వదులు చేయండీ అంటే మీరు క్లాంప్ వదులు చేశారు. నేను లెన్స్ పట్టుకోబట్టి సరిపోయింది గానీ, లేకపోతే కొల్లేరుకి నైవేద్యం పెట్టేవారు.

ప్రభాకరం: టార్చి ఎవరి చేతిలో ఉంది?

సుగుణ: నా చేతిలోనే.

ప్రభాకరం: దేని మీద వేశావు?

సుగుణ: ...నా చెప్పు ఊడిపోతే వెతుక్కుంటున్నాను. అది వేరే సంగతి. లివర్ అయితే ఎంత చీకట్లో తడిమినా నాబ్ అనుకోరు కదా, అదీ నా పాయింటు.

ప్రభాకరం: సరే, ఒప్పుకున్నాను. ఒక మార్కు వేసుకో. ఇప్పుడు ఆ లివర్ ఇలా ఇవ్వు. (విప్పి చూసి) ఇదా! లోపల క్యామ్, ఒక పక్క ఉబ్బిన చక్రం. లివర్ తోస్తే క్యామ్ తిరిగి ఈ కదిలే దవడని నెడుతుంది. ఎంత నెడుతుంది? తయారుచేసినవాడు పెట్టిన కొలతంతే. అంతకి వెంట్రుకవాసి కూడా ముందుకి రాదు. మర అలా కాదు. ప్లేటు సన్నంగా ఉంటే ఇంకో పావుచుట్టు తిప్పుతావు, లావుగా ఉంటే ముందే ఆపేస్తావు. సర్దుకుపోయే రకం.

సుగుణ: అవునవును, ఈ ఇంట్లో సర్దుకుపోయేది నాబ్ ఒక్కటే.

ప్రభాకరం: వెటకారం తర్వాత. ప్లేట్లు తీసుకురా, వెర్నియర్ కాలిపర్ పెట్టి చూద్దాం.

సుగుణ: ఈ వేళప్పుడా?

ప్రభాకరం: కొల్లేట్లో పడ్డాక కొలుస్తామా?

(లోపలి నుంచి వెర్నియర్ వస్తుంది. కళ్లజోడు నుదుటి మీద నుంచి ముక్కు మీదికి దిగుతుంది.)

సుగుణ: కొలవడం దేనికండీ? రెండూ ఆర్కా-స్విస్ రకమే. పెట్టె మీద రాసే ఉంది.

ప్రభాకరం: ఎవరా ఆర్కా-స్విస్?

సుగుణ: స్విట్జర్లాండులో మొదలైన కెమెరా కంపెనీ. ఇప్పుడు ఫ్రాన్సులో బెజాన్సాఁ ఊళ్లో ఉంది. వాళ్ల ప్లేటు అంచులు ఏటవాలుగా ఉంటాయి, క్లాంప్ దవడలు వాటిని రెండు పక్కలా పట్టుకుంటాయి. అది బాగుందని అందరూ అదే పద్ధతి పట్టారు.

ప్రభాకరం: పట్టారు సరే, అందరికీ కలిపి కచ్చితమైన డ్రాయింగ్ ఎవరైనా ఇచ్చారా? ఐఎస్ఐ మార్కులాంటిది?

సుగుణ: అదేం లేదనుకుంటా. కెమెరా అడుగున పట్టే స్క్రూకి ఐఎస్ఓ ప్రమాణం ఉందట గానీ, ఈ ప్లేటుకి లేదు.

ప్రభాకరం: ఆ స్క్రూ నాకు తెలుసు. పావు అంగుళం, అంగుళానికి 20 మరలు. దానికి అంత పద్ధతి పెట్టి దీన్ని గాలికి వదిలేశారన్నమాట. అంటే ఎవడికి తోచినట్టు వాడు కోసేశాడు. వెడల్పు ఎంత ఉండాలంటావు?

సుగుణ: 38 మిల్లీమీటర్ల దగ్గర్లో.

ప్రభాకరం: "దగ్గర్లో" అన్నావు చూడు, నా పక్షం అక్కడే గెలిచింది. (కొలుస్తూ) అంచు కాస్త గుండ్రం చేశాడు, వెర్నియర్ సరిగ్గా నిలవడం లేదు... కెమెరా ప్లేటు 38.1. నీ లెన్స్ కింది పొడుగాటి ప్లేటు... 37.7. చూశావా?

సుగుణ: అర మిల్లీమీటరు కూడా తేడా లేదు!

ప్రభాకరం: ఆ మాట గ్యారేజీలో అని ఉంటే మా ఫోర్‌మన్ నిన్ను ఆ రోజే బదిలీ చేసేవాడు. పెట్టి చూడు.

(సుగుణ కొత్త క్లాంప్‌లో కెమెరా ప్లేటు పెట్టి లివర్ నొక్కుతుంది. టక్. రాయిలా నిలిచింది. ముఖం వెలిగిపోతుంది. లెన్స్ ప్లేటు పెట్టి నొక్కుతుంది. టక్. అదే చప్పుడు. వేలితో తోస్తే ప్లేటు నెమ్మదిగా ముందుకి జారుతుంది. ఇద్దరూ దాన్నే చూస్తున్నారు.)

ప్రభాకరం: టక్ అంది కదా?

సుగుణ: అంది.

ప్రభాకరం: అదే ప్రమాదం. మర వదులుగా ఉంటే చేతికి తెలుస్తుంది. ఇది టక్ అని అబద్ధమాడుతోంది.

సుగుణ: మధ్యలో ఒక పొర సెల్లోటేపు అంటిస్తే?

ప్రభాకరం: (రెండు చెవులూ మూసుకుని) శివశివా! లక్ష పైచిలుకు లెన్స్‌కి సెల్లోటేపు ఆధారమా?

సుగుణ: లక్షని ఎవరు చెప్పారు మీకు?

ప్రభాకరం: ఊరికే అన్నాను. ఎంతేమిటి?

సుగుణ: (మాట మార్చి) బిగువు సరిచేసుకునే చిన్న స్క్రూ ఉన్న లివర్ క్లాంపులు కూడా ఉన్నాయండీ. అది తీసుకోవాల్సింది. అయినా సర్దుబాటు ఎందుకు, క్లాంప్ చేసిన కంపెనీ ప్లేటే లెన్స్‌కీ వేయిస్తే గొడవే ఉండదు.

ప్రభాకరం: అంటే లివర్ కొనడం కాదు, ఇంట్లో ఉన్న ప్లేట్లన్నీ మార్చడం. అలా చెప్పు! ఈ లెక్క పార్శిలు రాకముందు చెప్పాలి.

సుగుణ: ఉండండి. అసలు ప్లేటు వదులైనా జారి కింద పడకూడదే. అడుగున రెండు చివర్లా చిన్న స్క్రూలు ఉంటాయి. జారితే అవి క్లాంప్ అంచుకి తగిలి ఆగిపోవాలి. (ప్లేటు తిరగేసి) ఇవేవి? రెండూ లేవు!

(నిశ్శబ్దం. ప్రభాకరం వెర్నియర్‌ని గుడ్డతో శ్రద్ధగా తుడుస్తున్నాడు.)

సుగుణ: ఏమండీ.

ప్రభాకరం: అడ్డం వస్తున్నాయని తీశాను.

సుగుణ: దేనికి అడ్డం?

ప్రభాకరం: అవి ఉంటే ప్లేటుని పక్క నుంచి తోయడానికి వీలవదు. పైనుంచే దింపాలి. పైనుంచి దింపాలంటే దవడలు బాగా తెరుచుకోవాలి. దానికి నాబ్ ఇంకా బోలెడు చుట్లు...

సుగుణ: చుట్లు?

ప్రభాకరం: ...తిప్పాలి.

సుగుణ: ఆహా! అంటే మీకూ తిప్పడం బద్ధకమే! మర మహాత్మ్యం గురించి ఇందాకటి నుంచి పురాణం చెప్పిన పెద్దమనిషి, రెండు చుట్లు మిగుల్చుకోవడానికి నా లెన్స్ ప్రాణరక్షణ ఊడబీకాడు! పైగా ట్రైపాడ్ని లెన్స్‌తో సహా భుజాన వేసుకుని గట్టు మీద నడుస్తారు. లెన్స్ మొహం నేలకి ఉంటుంది. ఇన్నాళ్లూ అది ఎలా నిలిచింది?

ప్రభాకరం: మర బిగువు మీద.

సుగుణ: కాదు, మా అమ్మ మొక్కుల మీద. ఏవీ ఆ స్క్రూలు?

ప్రభాకరం: వృథా కాలేదులే. రేడియో వెనక మూతకి సరిగ్గా సరిపోయాయి.

సుగుణ: రేడియోకా! స్క్రూ డ్రైవర్ ఇటివ్వండి.

ప్రభాకరం: ఇప్పుడే విప్పకు. పొద్దున్నే విజయవాడ స్టేషన్లో ప్రాంతీయ వార్తలు...

సుగుణ: పొద్దున్న మీరు ఆటపాకలో ఉంటారు. (విప్పేస్తూ) రేపటికి పాత నాబే ఉండనివ్వండి. ఈ స్క్రూలు రెండూ ప్లేటుకి ఎక్కాలి, మీరు అన్ని చుట్లూ తిప్పాలి. లెన్స్‌కి సరిపడే ప్లేటు తెప్పించాక ఆ నాబ్ క్లాంప్ తీసి లివర్ వేద్దాం.

ప్రభాకరం: అంత తేలిగ్గా రాదు. మధ్య బోల్టుకి లాక్‌టైట్, అదే మర వదులవకుండా పట్టే జిగురు, పూసి ఉంటారు. కాస్త వేడి చేయాలి.

సుగుణ: నా హెయిర్ డ్రయ్యర్ ఇస్తాను.

ప్రభాకరం: ఇస్తావు, ఎందుకివ్వవు! రేడియో మూత ఊడదీశావు, నా పక్షం ఓడగొట్టావు. రేపు ట్రైపాడ్ నువ్వే మోయి.

సుగుణ: అలాగే. నేను ట్రైపాడ్ పట్టుకుంటాను, మీరు లెన్స్ పట్టుకోండి.

ప్రభాకరం: దాని ఖరీదెంతో ఇంతవరకూ చెప్పలేదు నువ్వు.

సుగుణ: చెప్పమంటారా?

ప్రభాకరం: వద్దు. ట్రైపాడే ఇటివ్వు.