మ్యూజియం ఎవరిదో ముందు తేల్చండి

2012 అక్టోబర్ 4న సారయెవోలో బోస్నియా నేషనల్ మ్యూజియం మూతపడింది. గుమ్మానికి అడ్డంగా చెక్కలు కొట్టేసి 'మూసేశాం' అని బోర్డు పెట్టారు. 1888లో పెట్టిన మ్యూజియం అది, సామ్రాజ్యాలు మారినా రెండు ప్రపంచ యుద్ధాలు వచ్చినా నిలబడింది, 1990ల్లో బోస్నియా యుద్ధంలో ఊరి చుట్టూ ముట్టడి ఉన్నప్పుడు షెల్స్ తగిలి గోడలు చిల్లులు పడినా నిలబడింది. 1993లో అప్పటి డైరెక్టర్ రిజో సియారిచ్ పగిలిపోయిన కిటికీలకి కప్పడానికి ప్లాస్టిక్ షీట్లు తెచ్చే పనిలో ఉండగా షెల్ పేలి చనిపోయారు. అంత జరిగినా నిలబడ్డ మ్యూజియం, యుద్ధం అయిపోయి దాదాపు పదిహేడేళ్లకి మూతపడింది. ఎందుకంటే అక్కడ పనిచేసేవాళ్లకి జీతం ఎవరివ్వాలో ఆ దేశంలో ఎవరూ తేల్చలేదు కాబట్టి.

1995లో డేటన్ ఒప్పందంతో యుద్ధం ఆగింది, అది చాలా పెద్ద విషయం, మేం కాదనం. కానీ ఆ ఒప్పందంతోనే వచ్చిన రాజ్యాంగంలో దేశం మొత్తానికి కలిపి ఒక సాంస్కృతిక శాఖ అంటూ లేకుండా పోయింది, కల్చర్ అంతా కింది ప్రభుత్వాల చేతికి వెళ్లింది, నేషనల్ మ్యూజియం, నేషనల్ లైబ్రరీ లాంటి ఏడు పెద్ద సంస్థలు చట్టం ప్రకారం ఎవరివీ కాకుండా మిగిలిపోయాయి. ఒకళ్లేమో 'ఇది మొత్తం దేశానిది, మాకెందుకు' అన్నారు, ఇంకొకళ్లు 'అసలు మొత్తం దేశం అనే మాటే మాకు పడదు' అన్నారు.

ఈ గొడవ ఎంత దూరం పోయిందో సారయెవో హగ్గాదాని చూస్తే తెలుస్తుంది. 14వ శతాబ్దంలో స్పెయిన్ యూదులు రంగుల బొమ్మలతో తయారు చేయించుకున్న ప్రార్థన పుస్తకం అది, 1894లో మ్యూజియం కొన్నది. 1942లో నాజీల చేతికి చిక్కకుండా దాచింది దెర్విష్ కోర్కుత్ అనే ముస్లిం ఉద్యోగి. 1992లో యుద్ధం మధ్యలో మళ్లీ దాన్ని బయటికి తీసి బ్యాంకు ఖజానాకి చేర్చారు. అదే పుస్తకాన్ని 2013లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం కొన్నాళ్లు చూపిస్తాం ఇవ్వండి అని అడిగితే ఇవ్వలేకపోయారు, ఎందుకంటే దానికి హక్కుదారు ఎవరు, ఎవరు సంతకం పెట్టాలి అన్నదే తేలలేదు. కష్టకాలంలో ఇద్దరు ముగ్గురు మనుషులు ప్రాణాలకి తెగించి కాపాడినదాన్ని శాంతికాలంలో ఒక ప్రభుత్వం చూసుకోలేకపోయింది అంటే ఆ తప్పు డబ్బు లేకపోవడం వల్ల వచ్చింది కాదు అని మేం గట్టిగా అనుకుంటున్నాం.

మ్యూజియం మూసి ఉన్న ఆ మూడేళ్లూ ఉద్యోగులు జీతం లేకుండానే డ్యూటీకి వచ్చారు. గార్డులు కాపలా కాశారు, క్యురేటర్లు స్టోర్ రూముల్లో వస్తువులు పాడవకుండా చూసుకున్నారు. 2015లో 'నేనే మ్యూజియం' అనే ఉద్యమం మొదలై మామూలు జనం కూడా వంతులేసుకుని వాళ్లతో పాటు కాపలా కూర్చున్నాక, సెప్టెంబర్ 15న తలుపులు మళ్లీ తెరుచుకున్నాయి.

చిన్న దేశాల్లో నేషనల్ మ్యూజియం అనగానే మాట మొత్తం బిల్డింగ్ చుట్టూనే తిరుగుతుంది, డిజైన్ ఎవరిది, ఖర్చెంత, రిబ్బన్ ఎవరు కట్ చేస్తారు. మా దృష్టిలో బిల్డింగ్ అనేది ఈ పనిలో చిట్టచివరిది. ఇది ఎవరిది, లోపల ఏం పెట్టాలో ఎవరు చెప్తారు, దీన్ని నడిపేది ఎవరి డబ్బు అనే మూడు ప్రశ్నలకి ముందు జవాబు ఉండాలి.

పసిఫిక్‌లో వనువాటు ఉంది. 80కి పైగా దీవులు, జనం మూడు లక్షల పైచిలుకు, భాషలు మాత్రం వందకి పైనే. 1906 నుంచి బ్రిటన్, ఫ్రాన్స్ ఇద్దరూ కలిసి ఏలారు, అందుకని రెండు రకాల పోలీసులు, రెండు రకాల స్కూళ్లు, రెండు జైళ్లు. 1980 జులై 30న స్వాతంత్ర్యం వచ్చేసరికి ఇంగ్లీష్ చదివినవాళ్లకీ ఫ్రెంచ్ చదివినవాళ్లకీ మధ్య ఉన్న గీత చాలా లోతైనది. ఒక దీవి వాళ్లకి పక్క దీవి ఆచారాలు తెలియవు. ఇలాంటి చోట 'మనమంతా ఒకటి' అని గోడ మీద రాసి ఒక గాజు పెట్టెలో పెడితే ఎవరు నమ్ముతారు?

వాళ్లు చేసింది వేరు. 1970ల నుంచే వనువాటు కల్చరల్ సెంటర్ ఊళ్లలో ఫీల్డ్‌వర్కర్లని తయారు చేసుకుంటూ వచ్చింది. వీళ్లు బయట నుంచి వచ్చిన పీహెచ్‌డీ వాళ్లు కాదు, ఆ ఊరివాళ్లే, ఆ భాష మాట్లాడేవాళ్లే, ఊరు ఒప్పుకున్నవాళ్లే. టేప్ రికార్డర్ పట్టుకుని పెద్దవాళ్ల దగ్గర కూర్చుని కథలు, పాటలు, పొలం పనుల పద్ధతులు, పెళ్లి చావుల ఆచారాలు రికార్డ్ చేస్తారు. ఏడాదికోసారి అందరూ రాజధాని పోర్ట్ విలాలో కలుస్తారు, ముందే అనుకున్న ఒక విషయం మీద ఎవరి దీవి సంగతి వాళ్లు దీవులన్నిటికీ ఉమ్మడి భాష అయిన బిస్లామాలో చెప్తారు. రోజుల తరబడి ఒక దీవి మనిషి చెప్తుంటే ఇంకో దీవి మనిషి వింటాడు, మా దగ్గర అలా కాదు ఇలా అంటాడు, అరె మా దగ్గరా అంతే అంటాడు. దేశం ఏర్పడటం అంటే ఇదే అని మేం అంటాం, జెండా వందనం ఒక్కరోజే కదా.

పోర్ట్ విలాలో పార్లమెంట్ దగ్గరలో ఆ కల్చరల్ సెంటర్ మ్యూజియం బిల్డింగ్ 1995లో తెరిచారు, అంటే ఫీల్డ్‌వర్కర్ల పని మొదలై చాలా ఏళ్లయ్యాక. లోపల 'టబు రూమ్' అని ఒకటి ఉంది. ఇచ్చినవాళ్లు ఇది మా కుటుంబం వాళ్లే వినాలి, మగవాళ్లే వినాలి, ఆడవాళ్లే వినాలి అని షరతు పెట్టిన రికార్డింగులు అందులో తాళం వేసి ఉంటాయి, డైరెక్టర్ అయినా మంత్రి అయినా ఇష్టం వచ్చినట్టు తీసి వినడానికి లేదు. అన్నీ అందరికీ చూపించడమే మ్యూజియం పని అనుకునేవాళ్లకి ఇది వింతగా ఉండొచ్చు, కానీ ఆ షరతు నిలబెట్టుకుంటారనే నమ్మకం ఉండబట్టే జనం తమ దగ్గరున్నది తెచ్చి ఇచ్చారు.

1985 నుంచి 1994 దాకా విదేశీ పరిశోధకుల్ని కల్చర్ మీద రీసెర్చ్‌కి రానివ్వలేదు కూడా. చాలా యూనివర్సిటీలకి నచ్చి ఉండదు, కానీ సొంత మనుషులు తమ పని తాము నేర్చుకోవడానికి ఆ టైమ్ కావాలి. తర్వాత తలుపు తీసినప్పుడు రూల్స్ పెట్టి తీశారు, వచ్చినవాళ్లు స్థానికులతో కలిసి పనిచేయాలి, రాసినదాని కాపీ ఆ ఊరికి ఇచ్చి వెళ్లాలి.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. మొదట్లో ఫీల్డ్‌వర్కర్లంతా మగవాళ్లే, సంప్రదాయం అంటే మగవాళ్లకి సంబంధించింది అన్నట్టే నడిచింది. 1990ల మొదట్లో అంబే దీవిలో ఆడవాళ్లు మొగలి జాతి ఆకులతో అల్లి ఎర్ర రంగు అద్దే చాపల మీద పని మొదలయ్యాక, ఇది కూడా దేశం సంప్రదాయమే కదా అని ఒప్పుకున్నారు, ఆడ ఫీల్డ్‌వర్కర్లు వచ్చారు. తనని తాను దిద్దుకున్న మ్యూజియం మీద మాకు గౌరవం ఇంకా పెరుగుతుంది. ఇంకో మాట, ఈ ఫీల్డ్‌వర్కర్లు వాలంటీర్లు, జీతాలు లేవు. దీన్ని త్యాగం అని పొగడటం మాకు ఇష్టం లేదు, సారయెవోలో అయినా పోర్ట్ విలాలో అయినా కల్చర్ పని చేసేవాళ్లు ఊరికే చేస్తారులే అనే అలవాటు పోవాలి.

ఎస్టోనియాది కూడా ఇంచుమించు ఇదే దారి. జనాభా పదమూడు లక్షల పైన. 1888లో యాకోబ్ హుర్ట్ అనే పాస్టర్ జనపదాల పాటలు, కథలు రాసి పంపండి అని పిలుపిస్తే వెయ్యి మందికి పైగా రాసి పంపారు, ఎంత వచ్చిందో ఆయన పేపర్లలో ఎప్పటికప్పుడు రిపోర్ట్ వేయించేవారు, పేపర్ నడిపేవాళ్లుగా మాకు అది చదివితే గర్వంగా ఉంటుంది. ఆయన గుర్తుగానే 1909లో నేషనల్ మ్యూజియం పెట్టారు, దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది 1918లో. అంటే దేశం కన్నా మ్యూజియమే ముందు పుట్టింది! తర్వాత రెండో ప్రపంచ యుద్ధంలో మ్యూజియం ఉన్న రాదీ భవనం పోయింది, ఆ స్థలం సోవియట్ మిలిటరీ ఎయిర్‌ఫీల్డ్ అయింది, 2016లో ఆ పాత రన్‌వే చివర నుంచే మొదలయ్యేలా 355 మీటర్ల పొడవు కొత్త బిల్డింగ్ తెరిచారు. ఫోటోల్లో అందరూ ఆ బిల్డింగే చూస్తారు, కానీ అది వచ్చేనాటికి లోపల పెట్టాల్సిన సరుకు వందేళ్లకి పైగా పోగవుతూ ఉంది.

ఆస్పత్రులే సరిగ్గా లేని దేశానికి మ్యూజియం ఎందుకు అని అడిగేవాళ్లుంటారు, అది అడగాల్సిన ప్రశ్నే. అందుకే పాలరాయి బిల్డింగ్ వద్దు అంటున్నాం. రికార్డర్లు, బ్యాటరీలు, పడవ ఖర్చులు, కొద్దిమందికి జీతాలు, తేమ పట్టని ఒక గది, వీటికి అయ్యే ఖర్చు ఒక పెద్ద బిల్డింగ్ ఖర్చులో ఏ మూలకీ రాదు. పైగా పెద్దాయన చనిపోతే ఆయనకి తెలిసిన పాట తర్వాతి బడ్జెట్‌లో కొనలేం.

ఇంకో భయం నిజమైనది. నేషనల్ మ్యూజియం పేరుతో అధికారంలో ఉన్న గుంపు తన కథనే దేశం కథగా రాసుకోవచ్చు, మిగతావాళ్లని ఒక మూల పెట్టెలో డాన్స్ డ్రెస్సులుగా మిగల్చొచ్చు. దీనికి మందు, ట్రస్టీల బోర్డులో ప్రతి ప్రాంతం మనిషి ఉండటం, ప్రతి వస్తువు పక్కన ఇది ఎవరు ఇచ్చారు, ఎక్కడిది, ఎలా వచ్చింది అని నిజం రాయడం, ఆ ఇచ్చిన ఊరు అభ్యంతరం చెప్తే వినడం.

కొత్తగా ఈ పని మొదలుపెట్టే ఏ చిన్న దేశమైనా ముందు ఒక చట్టం చేయాలి, అందులో మ్యూజియం దేశానిది అని, దాన్ని నడిపే బాధ్యత ఫలానా ప్రభుత్వానిది అని, ఏటా బడ్జెట్‌లో దానికి ఒక లైన్ ఉంటుందని రాసి ఉండాలి, ప్రభుత్వం మారినా ఆ లైన్ పోకూడదు. ఇక బిల్డింగ్ కట్టిస్తాం గ్రాంట్ ఇస్తాం అని వచ్చే పెద్ద దేశాల్ని కూడా గట్టిగా అడగాలి, ఆ డబ్బులో ఎంత భాగం పదేళ్ల జీతాలకి, కరెంటు బిల్లులకి, ట్రైనింగ్‌కి పెడతారు అని. దానికి ఒప్పుకోకపోతే శంకుస్థాపన వాయిదా వేసుకోండి, ఫీల్డ్‌వర్కర్లని మాత్రం ఈ ఏడాదే ఊళ్లకి పంపండి.