పరిశోధన జర్నల్‌కు వ్యాసం పంపే ఫారంలోని 'లాస్ట్ నేమ్' (ఇంటిపేరు) గడికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ లాస్ట్ నేమ్ గడి గారికి,

మిమ్మల్ని చూశాక క్లావెరియా దొర మీద జాలేస్తోంది. ఫిలిప్పీన్స్‌ని ఏలిన ఆ స్పెయిన్ గవర్నర్ జనరల్ 1849 నవంబరు 21న, పన్నుల లెక్క తేలడం కోసం, జనానికి పట్టికలోంచి ఇంటిపేర్లు పంచమన్నాడు. ఆ పంపకం వల్లే అల్బాయ్ ప్రాంతంలోని ఓవాస్ ఊళ్లో ఈనాటికీ బోలెడు ఇంటిపేర్లు 'ఆర్'తోనే మొదలవుతాయి. అంత చేసినవాడు కూడా ఇచ్చిన పేరును ముక్కలు చేయలేదు. ఆ పుణ్యం మీదే.

అక్కడి అమ్మాయి పేరులో ముందు తన పేరు, తర్వాత తల్లి పుట్టింటి పేరు, చివర తండ్రి ఇంటిపేరు ఉంటాయి. 'మా. క్రిస్టినా రేయెస్ డెలా క్రూజ్' అనుకుందాం. 'మా.' అంటే మరియా. మీరు చుక్క తీసేసి ఆమెకు చైనా ఇంటిపేరు అంటగడతారు. రచయితల జాబితాల్లో డెలా క్రూజ్ ఒకచోట 'డి' కింద, మరోచోట 'సి' కింద తేలుతుంది. తల్లి పేరు ఒక్క పొడి అక్షరమై, ఆపైన అదీ రాలిపోతుంది. (మా తెలుగువాళ్లం ఇంటిపేరు ముందు రాసి మీ దగ్గర తలకిందులవుతుంటాం, అది వేరే గొడవ.)

నష్టమెంతో వినండి. ఆరు వ్యాసాలు, ఒక్కోదానికి ఆరు ఉల్లేఖనలు (ఇతరుల వ్యాసాల్లో ప్రస్తావనలు) ఉంటే హెచ్-ఇండెక్స్ 6; అంటే కనీసం ఆరేసి ఉల్లేఖనలున్న వ్యాసాలు ఆరు. అవే రెండు ప్రొఫైళ్లలో మూడేసి చొప్పున పడితే ఎటు చూసినా 3. ప్రమోషన్ కమిటీ చూసేది ఆ 3నే.

పెళ్లయితే ఇంకో తిరకాసు. భర్త ఇంటిపేరు పెట్టుకోవచ్చని ఫిలిప్పీన్స్ సివిల్ కోడ్ 370వ అధికరణం అంటుంది, పెట్టుకోవాలని కాదు. 1909లో అమెరికాలో వైద్య పట్టా పుచ్చుకున్న ఒనోరియా అకోస్తా-సిసాన్, 1912లో ఫిలిప్పీన్స్ విశ్వవిద్యాలయం నుంచి డాక్టరై వచ్చిన మరియా పాజ్ మెండోజా-గువాసోన్ మధ్యలో అడ్డగీత పెట్టి పుట్టింటి పేరూ భర్త పేరూ రెండూ నిలుపుకున్నారు.

మీతో వేగడానికి ఆ అడ్డగీతే ఇప్పటికీ పనికొస్తోంది: గీత ఉంటే రెంటినీ ఒకే ఇంటిపేరుగా మింగుతారు, ఖాళీ వదిలితే ముందుదాన్ని కొరికేస్తారు. అందుకే మొదటి వ్యాసం పంపకముందే పేరు ఖాయం చేసుకోవాలి. 'మా.' బదులు మరియా అని పూర్తిగా రాయాలి. పరిశోధకులకు గుర్తింపు సంఖ్యగా ఇచ్చే పదహారంకెల ఆర్కిడ్ (ORCID) ఖాతాలో పాత రూపాలన్నీ చేర్చాలి. ఉల్లేఖనల జాబితా తయారుచేసే బిబ్‌టెక్స్‌లో డెలా క్రూజ్‌ని మీసాల బ్రాకెట్లలో బిగించాలి. వ్యాసాల, ఉల్లేఖనల లెక్కలుండే స్కోపస్ డేటాబేస్‌లో చీలిన ప్రొఫైళ్లను కలపమని అర్జీ పెట్టాలి.

ఇన్ని చేసినా తల్లి ఇంటిపేరుకు మీ పక్కన గడి లేదు. మీకు మాత్రం 'తప్పనిసరి' అనే ఎర్రచుక్క! ఖాళీగా వదిలితే ముందుకు కదలనివ్వరు.

ఇట్లు,
మీ లెక్కలో నలుగురైన ఒక్క రచయిత్రి తరఫున