ట్యాంకరుకు ఓట్లున్నాయి, రాజకాలువకు లేవు

2024 మార్చిలో బెంగళూరు మారతహళ్లిలోని మా అపార్ట్‌మెంట్‌లో పొద్దున్నే వినిపించే మొదటి మాట ఒకటే: "ట్యాంకర్ వచ్చిందా అన్నా?" వాచ్‌మన్‌ది అనంతపురం వైపు. సంపు మూత తీసి, కర్ర ముంచి, తడి ఎందాకా ఉందో చూపించేవాడు. జానెడు. పక్క పీజీలో కంచాలు కడగలేక పేపర్ ప్లేట్లలో అన్నం పెట్టారు.

ఆ నెలలోనే ఉప ముఖ్యమంత్రి డి.కె. శివకుమార్ తన ఇంటి బోరూ ఎండిపోయిందన్నారు. నగరంలోని 14,000 బోర్లలో 6,900 ఎండాయని ముఖ్యమంత్రి సిద్ధరామయ్య లెక్క చెప్పారు. ఇక చకచకా ఆదేశాలు వచ్చాయి. తాగునీటితో కారు కడిగితే రూ.5,000 జరిమానా, ట్యాంకర్ ధరకు కట్టడి. తప్పేం లేదు. కాకపోతే ఇల్లు కాలుతుంటే బావి తవ్వినట్టుంది. ఇక్కడైతే తవ్వినా నీళ్లు పడవు.

అంతకు 18 నెలల ముందు, 2022 సెప్టెంబరులో, ఇవే వీధులు మునిగాయి. ఐటీ ఉద్యోగులు ట్రాక్టర్లెక్కి ఆఫీసులకు పోయారు. మునగడం, ఎండడం వేర్వేరు కష్టాలేం కావు. మన సీమలో లాగే బెంగళూరువీ గొలుసుకట్టు చెరువులే. పై చెరువు అలుగు పారితే, చెరువుల్ని కలిపే వాన నీటి కాలువలో, అంటే రాజకాలువలో, కింది చెరువుకు చేరాలి. బెళ్లందూరు నీళ్లు వర్తూరుకు, అక్కణ్ణుంచి దక్షిణ పినాకిని నదికి పోవాలి. కాలువలో గోడ లేస్తే వాన నీళ్లు ఇళ్లలోకొస్తాయి. చెరువు పూడితే నేలలోకి నీరు ఇంకదు. దీనికి వాతావరణ మార్పు తోడైంది. కురిస్తే కుంభవృష్టి, లేదంటే కరువు. 2023లో కర్ణాటకలోని 236 తాలూకాల్లో 223ను కరువు తాలూకాలుగా ప్రకటించారు.

2024 అక్టోబరులో కావేరి తాగునీటి పథకం ఐదో దశ మొదలైంది. రోజుకు అదనంగా 77.5 కోట్ల లీటర్లు. మంచిదే. అయితే వంద కిలోమీటర్ల అవతల నుంచి ఎత్తిపోయాలి, అసలు కావేరిలో నీళ్లుండాలి.

నాయకులకు ఇది తెలీదనుకోను. లెక్క వేరే. ట్యాంకర్ పంపితే ఓట్లు రాలతాయి, కాలువ మీది గోడ కూలిస్తే పోతాయి. 2022 వరద తర్వాత జేసీబీలు దిగాయి, నోటీసులు, కోర్టు స్టేల మధ్య మెల్లగా చల్లబడ్డాయి. నా దృష్టిలో పర్యావరణానికి ప్రాధాన్యం అంటే మొక్క నాటుతూ ఫొటో దిగడం కాదు, లేఅవుట్ ఫైలు మీద 'కుదరదు' అని రాయడం. ఆ మాట అడగడానికి అప్పుడు మాకు కార్పొరేటరే లేడు. పాలికె, అంటే నగరపాలక సంస్థ, సభ్యుల గడువు 2020 సెప్టెంబరులో ముగిస్తే, నీళ్లకు కటకటలాడిన ఆ ఎండాకాలం దాకా మళ్లీ ఎన్నికలు పెట్టలేదు.

మనమూ తక్కువ తినలేదు. ఏప్రిల్ 26న మా బెంగళూరు సెంట్రల్‌లో లోక్‌సభ పోలింగ్ 54 శాతం. మా తెలుగువాళ్లలో చాలామంది ఓట్లు ఊళ్లోనే. ఆంధ్రాలో మే 13 పోలింగ్ కోసం నేనూ ప్రొద్దుటూరు బస్సెక్కాను. దారి పొడవునా ఎవరు గెలుస్తారన్న టెన్షనే. రెండు నెలలు బకెట్లు లెక్కపెట్టుకుని స్నానాలు చేసినవాళ్లమే అందరం. నీళ్ల మాట ఒక్కరూ ఎత్తలేదు, నాతో సహా.