తలకు నాలుగెకరాలు

భూమ్మీద 800 కోట్ల మందికి పైగా ఉన్నాం. అంటార్కిటికాను పక్కనపెడితే నేల సుమారు 13.5 కోట్ల చదరపు కిలోమీటర్లు. భాగిస్తే కిలోమీటరుకు 60 మంది, అంటే తలకు నాలుగెకరాలు. లెక్క ఇంత సుఖంగా తేలుతుంటే దాదాపు అరవై శాతం జనం ఆసియాలోనే ఒకరినొకరు తోసుకుంటూ బతకడం శుద్ధ దండగ. అందుకే జనాన్ని సమంగా పరిచే పథకాన్ని ఉమ్మడి చిత్తూరు జిల్లా నుంచే మొదలుపెట్టాలని మనవి.

2011 జనగణన ప్రకారం 15,152 చదరపు కిలోమీటర్లలో మనం 41.74 లక్షల మందిమి. కోటా తొమ్మిది లక్షలు. మిగతా 32 లక్షల పైచిలుకు మూటాముల్లె సర్దుకుని మంగోలియా పోవాలి. 15.6 లక్షల చదరపు కిలోమీటర్ల దేశంలో 35 లక్షల మందే ఉన్నారు, ఇంకో తొమ్మిది కోట్ల ఖాళీలు! కుప్పం వాళ్లకు పనికోసం బెంగుళూరు రైలెక్కడం అలవాటే, ఈసారి ఇంకాస్త దూరం. ఉలాన్‌బాతర్ చలి మైనస్ 30 దాకా దిగుతుంది. మఫ్లర్లు జిల్లా యంత్రాంగం ఇప్పిస్తుంది.

పేచీ పట్టాల దగ్గర వస్తుంది. లాటరీలో గ్రీన్‌లాండ్ తగిలితే నాలుగెకరాల్లో మూడెకరాలకు పైగా మంచుగడ్డే. కెనడా ఉత్తరాన తగిలితే నేలకింద మన్ను ఏడాది పొడుగునా గడ్డకట్టి ఉంటుంది. ఇల్లు కడితే ఆ ఇంటి వేడికే అది కరిగి, పునాది ఓ పక్కకు కుంగుతుంది. సహారాలో కొన్నిచోట్ల బోరేస్తే నీళ్లు పడతాయి, నిజమే. కానీ వాన ఏడాదికి 100 మిల్లీమీటర్లు కూడా లేనిచోట తోడిన నీళ్లు మళ్లీ ఊరవు. వెయ్యడుగులు దించి దుమ్ము చూసిన మన పడమటి మండలాల రైతుకు ఈ ముక్క విడమరచి చెప్పాలా?

ఈజిప్టు వాళ్లయితే మరీ మొండి. దేశం పది లక్షల చదరపు కిలోమీటర్లు, జనం 11 కోట్లు. సగటు 110 అని అధికారులు సంబరపడొచ్చు. వాళ్లేమో 95 శాతం మంది ఐదు శాతం నేలలో, నైలు ఒడ్డునే ఇరుక్కున్నారు. అక్కడ కిలోమీటరుకు రెండువేల పైమాటే. ఇసుకంతా ఖాళీగా ఉంది, పోయి ఉండండయ్యా అంటే "నీళ్లో?" అంటారు. జావా వాళ్లు ఇంకో రకం: అగ్నిపర్వతాల బూడిద కలిసిన నేలలో వరి బాగా పండుతుందని 15 కోట్ల మంది వాటి పక్కనే కాపురాలు పెట్టారు.

ఇక తిరుమల. కొండ మీద స్థలం దాదాపు 27 చదరపు కిలోమీటర్లు, కోటా 1,600 మంది. మామూలు రోజుల్లోనే దర్శనానికి వచ్చేవాళ్లు 60 వేలు దాటుతారు. కాబట్టి మినహాయింపు కోసం సిఫారసు లేఖలు ఏ కౌంటర్లో, ఎన్ని గంటల్లోపు ఇవ్వాలో జీవోలో ముందే రాయడం మంచిది.