ఒక సీనియర్ బిగినర్ మనవి

పోయిన సంక్రాంతికి ముందు మా మేనల్లుడు, ఇంజినీరింగ్ రెండో సంవత్సరం చదువుతున్న కుర్రాడు, మా కుటుంబం మునుపెన్నడూ ఎరగని ఒక పని చేశాడు. హనుమకొండ చౌరస్తా దగ్గర తెలిసినవాళ్లు తమ పాత డిజిటల్ కెమెరా అమ్ముతున్నారని సాయంత్రం ఆరు గంటలకు విన్నాడు. ఆరున్నరకు దాన్ని చేతిలోకి తీసుకుని నాలుగు ఫోటోలు తీసి చూశాడు. ఏడు కొట్టేసరికి డబ్బులిచ్చేశాడు. ఎనిమిదింటికి మా ఇంటికొచ్చి, సకినాలు చుడుతున్న మా అమ్మను ఫోటోలు తీస్తూ కూర్చున్నాడు. ఎంపికకు అతను వెచ్చించిన సమయం అక్షరాలా అరగంట. అదే ఎంపికలో నేను పుష్కర కాలానికి పైగా ఉన్నాను.

మొదటి కెమెరా కొనబోయే యువతీయువకులు అతని దారిన పడి పాడైపోతారన్న ఆవేదనతో ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. నా అర్హత చెప్పుకోవాలి గనుక చెప్పుకుంటున్నాను: నేను ఎంపిక ప్రారంభించింది 2012 జనవరిలో. కొడాక్ సంస్థ దివాలా రక్షణ కోరుతూ కోర్టుకెక్కిన నెల అది. 1975లో మొట్టమొదటి డిజిటల్ కెమెరా తయారైంది ఆ సంస్థలోనే. స్టీవెన్ సాసన్ అనే ఇంజినీరు రూపొందించిన ఆ యంత్రం 0.01 మెగాపిక్సెల్ నలుపు తెలుపు బొమ్మను క్యాసెట్ టేపు మీదికి ఎక్కించడానికి 23 సెకన్లు తీసుకునేది. చేతిలో ఉన్న డిజిటల్ కెమెరాను పక్కన పెట్టి ఆలోచిస్తూ కూర్చున్నందుకే ఆ సంస్థ మునిగిందని లోకం చెప్పుకుంటుంది. ఆ కథలో నాకు మాత్రం తొందరపడకపోవడం అనే సుగుణమే కనిపించింది.

ముందుగా మెగాపిక్సెళ్ల సంగతి. మా ఇంట్లో గోడ మీదున్న అన్నిటికంటే పెద్ద ఫోటో మా నాన్నగారిది; దండ వేసి ఉంటుంది, కొలత పన్నెండు అంగుళాలకు ఎనిమిది. అంగుళానికి 300 చుక్కల లెక్కన అంత ఫోటోను చక్కగా అచ్చు వేయాలంటే 3600ను 2400తో గుణించాలి. వచ్చేది 86 లక్షల 40 వేల పిక్సెళ్లు, అంటే 9 మెగాపిక్సెళ్ల లోపే. ఆల్బంలో పెట్టే మామూలు ఆరుకు నాలుగు ఫోటోకైతే రెండు మెగాపిక్సెళ్ల పైన కాస్త ఉంటే చాలు. ఈ లెక్క తేలిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎందుకంటే దీని ప్రకారం అంగట్లో కనబడిన ఏ కెమెరా అయినా నాకు పనికొస్తుంది, మర్నాడు పొద్దున్నే వెళ్లి కొనుక్కోవచ్చు. ఇటువంటి లెక్కలు ఎంపికకు పరమ శత్రువులు. అందుకని ఆ కాగితాన్ని మడిచి పంచాంగంలో పెట్టేసి, 24 మెగాపిక్సెళ్లవాటిని కాదని 45 ఉన్నవాటిని, వాటినీ కాదని 61 ఉన్నవాటిని అధ్యయనం చేయడం మొదలుపెట్టాను. తీసిన ఫోటో చివరికి వెళ్లేది చుట్టాల వాట్సాప్ గ్రూపుకే కదా, అక్కడికి చేరేలోపే అది నలిగి చిక్కి సగమవుతుంది కదా అని మా ఆవిడ అడిగింది. సాంకేతిక విషయాల్లో ఇంటివాళ్ల మాట వింటే పని జరిగిపోయే ప్రమాదం ఉంది.

సెన్సర్ మీద, అంటే లెన్సులోంచి వచ్చే వెలుతురును పట్టే కెమెరా లోపలి పలక మీద, నేను మూడేళ్లు ఉన్నాను. ఫుల్ ఫ్రేమ్ అంటే 36 మిల్లీమీటర్ల పొడవు, 24 మిల్లీమీటర్ల వెడల్పు. పాత ఫిల్ము రీలులో ఒక్కో బొమ్మ కొలత కూడా అదే. ఏపీఎస్-సీ అనే రకం చాలా కంపెనీల్లో ఇంచుమించు 23.5కు 15.6 ఉంటుంది, మైక్రో ఫోర్ థర్డ్స్ 17.3కు 13. వట్టి అంకెలు మనసుకెక్కవు కనుక టీవీ పక్కనున్న ఒక పెళ్లి కార్డును ఈ కొలతలకు కత్తిరించి, ముక్కలను భోజనాల బల్ల మీద పరిచాను. రెండో రకం ముక్కలు రెండింటిని నిలువుగా తిప్పి పక్కపక్కన పెడితే ఫుల్ ఫ్రేమ్ ముక్కలో చక్కగా ఇమిడిపోయి, పక్కన ఇంకా సన్నటి పట్టీ మిగిలింది. పెద్ద సెన్సర్ మసక వెలుతురులో ఎందుకు మేలో ఆ పట్టీ చూసి నాకు బోధపడింది: వాకిట్లో పెట్టిన గంగాళంలోకి పడినన్ని వాన నీళ్లు చెంబులోకి పడవు. ఆ జ్ఞానోదయంలో ఉండగా మా అమ్మ వచ్చి, ఆ కార్డు ఎవరిదని అడిగింది. రేపటి పెళ్లిదని అప్పుడు తెలిసింది. ముహూర్తం ఫుల్ ఫ్రేమ్‌లోను, ఫంక్షన్ హాలు చిరునామా మైక్రో ఫోర్ థర్డ్స్‌లోను దొరికాయి గానీ, భోజనాలు ఎన్నింటికో చివరిదాకా తేలలేదు.

లెన్సుల విషయంలో అనుభవజ్ఞులకు దూరంగా ఉండమని నా సలహా. వరంగల్ స్టేషన్ రోడ్డు వైపు ఒక చిన్న స్టూడియోలో, పెళ్లిళ్లు తీసి తీసి జుట్టు నెరిసిన ఒక పెద్దమనిషి దగ్గర ఒకసారి పొరపాటున నోరు జారాను. ఆయన కెమెరాకు పట్టు దగ్గర రబ్బరు ఊడిపోతే నల్ల టేపు చుట్టి ఉంది. దాని మీద అక్షరాలు కూడా చెరిగిపోయాయి. నేను మూడు కంపెనీల పోలికల పట్టిక తీసి చూపిస్తే ఆయన దాన్ని చాయ్ గ్లాసు కింద పెట్టుకుని, "సార్, గింత ఆలోచన ఎందుకు? పాత బాడీ ఏదన్న తీస్కోండ్రి, ఫిఫ్టీ ఒకటి తగిలించుకోండ్రి, ఒక వెయ్యి ఫోటోలు ఖరాబు చెయ్యండ్రి. తర్వాత అదే ఒస్తది," అన్నాడు. ఆయన చెప్పినదాంట్లో తప్పులేదు, అదే బాధ. కెమెరాతో వచ్చే 18-55 కిట్ లెన్సును చివరిదాకా లాగితే ఎఫ్ 5.6కు మించి తెరుచుకోదు; ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే లెన్సు అంత వెడల్పుగా తెరుచుకున్నట్టు. 50 ఎంఎం ఎఫ్ 1.8 లెన్సు, అన్ని లెన్సుల్లోకీ చౌకైన వాటిలో ఒకటి, దానికి దాదాపు పదింతల కాంతిని లోపలికి రానిస్తుంది. ఈ ఒక్క ముక్క ముందే తెలిసిన అమాయకులు ఎందరు తమ ఎంపికను మొగ్గలోనే తుంచుకున్నారో తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది.

ధర దగ్గర నేను 30 వేలతో బయలుదేరాను. ఇంకో ఐదు వేలు వేసుకుంటే రెండో లెన్సు వస్తుందన్నారు. రెండో లెన్సు దాకా వచ్చినవాడు మరో ఎనిమిది వేలు పెడితే తిప్పుకునే స్క్రీను వస్తుంది. అంత పెట్టినవాడు ఇంకాస్త సాగితే దుమ్ముకూ వానకూ తట్టుకునే బాడీ. అక్కడిదాకా సాగినవాడు ఫుల్ ఫ్రేమ్ తీసుకోకపోవడం బుద్ధి తక్కువ. ఇలా పద్మాక్షి గుట్ట మెట్లు ఎక్కినట్టు ఒక్కొక్కటే ఎక్కి, రెండు లక్షల దగ్గర నిలబడి కిందికి చూస్తే నా జీతం చీమంత కనిపించింది. దిగి వచ్చాను. మళ్లీ 30 వేల దగ్గర మొదలుపెట్టాను. ఈ ప్రదక్షిణ ఏటా దసరా, దీపావళి ఆఫర్ల మధ్య ఒకసారి చేస్తాను.

మేడారం జాతర రెండేళ్లకొకసారి వస్తుంది. జాతరకల్లా కెమెరా కొంటానని 2014లో అన్నాను, 2016లో అన్నాను. 2018 జాతర కూడా కెమెరా లేకుండానే గడిచింది. అదే ఏడాది నా ఓపికకు ఫలితం దక్కింది. లెన్సును కెమెరాకు బిగించే పట్టును మౌంటు అంటారు. 1959 నుంచి ఎఫ్ మౌంటును నమ్ముకున్న నికాన్, 1987 నుంచి ఈఎఫ్ మౌంటును నమ్ముకున్న కెనాన్, రెండూ ఆ ఒక్క సంవత్సరంలోనే అద్దం లేని ఫుల్ ఫ్రేమ్ కెమెరాల కోసం కొత్త మౌంట్లు తెచ్చాయి. ముందే కొన్నవాళ్ల లెన్సులన్నీ పాత మౌంటువైపోయాయి, నా లెన్సు ఒక్కటి కూడా పాతబడలేదు. మధ్యలో అడాప్టర్ పెడితే పాత లెన్సులు కొత్త కెమెరాలకు పనిచేస్తాయని మేనల్లుడు గుర్తు చేస్తాడు గానీ, ఆనందంగా ఉన్న మనిషికి అన్నీ గుర్తు చేయకూడదు.

ఇంతకూ ఆ కుర్రాడు అరగంటలో కొన్నదానితో ఏం సాధించాడు? తెల్లటి బట్ట మీద సకినాలు చుడుతున్న మా అమ్మ చేతుల్ని తీశాడు. బియ్యప్పిండి మెత్తగా మెలిక తిరుగుతూ వేళ్ల సందుల్లోంచి జారుతోంది, నువ్వులు అక్కడక్కడా మెరుస్తున్నాయి, అంతా బాగానే ఉంది. కానీ బట్ట మాసిపోయినట్టు బూడిద రంగులో వచ్చింది. కెమెరాలోని మీటరు తన ముందున్నదంతా మధ్యస్థపు బూడిద రంగే అనుకుని కాంతిని లెక్కగడుతుందని, అందువల్ల తెల్లటివి మసకబారతాయని, నల్లటివి వెలిసిపోతాయని నేను 2013లోనే చదివాను. అది చెబుదామని గొంతు సవరించుకునేలోపు వాడు ఏదో చక్రం ఒక గీత పక్కకు తిప్పి మళ్లీ తీశాడు, బట్ట తెల్లబడింది. మరుసటి ఆదివారం వేయిస్తంభాల గుడిలో నల్లరాతి నంది ముందు అదే చక్రాన్ని అటువైపు తిప్పాడు. రుద్రదేవుడి కాలంలో, 1163లో కట్టిన ఆ గుడిలో, అంత నున్నగా చెక్కిన నంది మూపు మీద ఆకాశం వెలుగు సన్నటి గీతలా నిలిచిందే తప్ప రాయి ఎక్కడా వెలిసిపోలేదు. ఎందుకు తిప్పావురా అని అడిగితే, "మొన్న సకినాలకు ఉల్టా అయింది కద మామా," అన్నాడు. సిద్ధాంతం తెలియకుండా సరైన జవాబు రాసిన విద్యార్థికి మార్కులు వేయాలా వద్దా అన్నది పెద్దలు తేల్చవలసిన విషయం.

నేను ఖాళీగా కూర్చున్నానని ఎవరూ అనుకోకూడదు. కెమెరా ఒక్కటే లేదు గానీ, మిగతా సరంజామా అంతా సమకూర్చుకున్నాను: లోపల అరలున్న బ్యాగు, ట్రైపాడ్, దుమ్ము ఊదే రబ్బరు బుడ్డి, లెన్సు తుడిచే గుడ్డ, వానాకాలం లెన్సుకు బూజు పట్టకుండా సిలికా జెల్ పొట్లాలు, సెకనుకు కనీసం 30 మెగాబైట్లు రాసుకునే వీ30 మెమరీ కార్డు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అని మా ఆవిడ అన్నది. సోమలింగానికి బూజు పట్టదని మాత్రం నేను హామీ ఇవ్వగలను.

ఆ బ్యాగు భుజానికి తగిలించుకునే మొన్న సద్దుల బతుకమ్మ నాడు పద్మాక్షి గుండం దగ్గరికి వెళ్లాను. లోపల ఒక నీళ్ల సీసా, అమ్మ కట్టిచ్చిన సద్దుల డబ్బా ఉన్నాయి. బ్యాగు చూసి జనం దారి ఇచ్చారు, ఒక కానిస్టేబుల్ తాడు కూడా ఎత్తాడు. తంగేడు, గునుగు పేర్చి నడుమెత్తు చేసిన బతుకమ్మ చుట్టూ ఒక పది మంది ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. వాళ్లలో ఒకావిడ తన ఫోను నా చేతిలో పెట్టి, "సార్, జర మా అందరిది ఒక్క ఫోటో తీయరా? కెమెరావాళ్లు గద, మంచిగ తీస్తరు," అన్నది. వెనక స్తంభానికి పెద్ద లైటు వెలుగుతోంది. ఎదురు వెలుగులో ముఖాలు నల్లబడతాయని, అలాంటప్పుడు ఏ సర్దుబాటు చేయాలో నాకు కంఠతా వచ్చు. ఆ సర్దుబాటు ఫోనులో ఎక్కడుందో వెతకడం మొదలుపెట్టాను. బతుకమ్మ మీద గుచ్చిన అగరొత్తులు సగానికి వచ్చాయి. "కానీయండ్రి సార్," అన్నారు వెనక నుంచి. నొక్కాను. పది నల్లటి నీడలు, వాటికి కుడివైపు నా బొటనవేలు.

పట్టులంగా కట్టుకున్న ఒక పాప, పదేళ్లుంటాయేమో, వచ్చి నా చేతిలోంచి ఫోను తీసుకుంది. "గా లైటు మీ ఎనుక ఉన్నది, ఇటు తిరుగుండ్రి," అని అందరినీ ఇటువైపు తిప్పి నిలబెట్టింది, తెర మీద వాళ్లమ్మ ముఖాన్ని వేలితో ఒక్కసారి తాకింది, తీసింది. ఫోటోలో తంగేడు పూలు పసుపుపచ్చగా ఉన్నాయి, పది ముఖాలూ నవ్వుతున్నాయి. "మంచిగొచ్చింది బిడ్డా," అని వాళ్లు బతుకమ్మను ఎత్తుకుని నీళ్ల వైపు నడిచారు. నేను బ్యాగు సర్దుకుంటూ ఆ పాప వెంట నాలుగడుగులు వేసి, ఆ ఫోను సెన్సరు కొలత ఎంతో అడిగాను. చెప్పలేకపోయింది.