కీర్తిశేషులైన 7,500 డాలర్ల రాయితీ గారికి

కరెంటుతో నడిచే బండ్లకు అమెరికా ప్రభుత్వం పన్నులో ఇస్తూ వచ్చిన రాయితీ, మహారాజశ్రీ టాక్స్ క్రెడిట్ గారి సముఖమునకు, టెక్సాస్ రాష్ట్రం ఫ్రిస్కో నుంచి ఒక ప్లగిన్ హైబ్రిడ్ (కరెంటు, పెట్రోలు రెండింటి మీదా నడిచే బండి) లీజుదారు నమస్కరించి వ్రాయునది.

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడానికి చేయి రావడం లేదు. ఉభయులలో ఒకరైన తమరు 2025 సెప్టెంబరు 30న కాలం చేశారు. రెండోవాడినైన నేను 2027 అక్టోబరు దాకా నెలకు 483 డాలర్ల చొప్పున తమకు మాసికం పెడుతున్నాను.

బతికున్న రోజుల్లో తమ దర్శనం ఏమంత తేలికగా దొరికేది కాదు. 2022 ఆగస్టు 16న అధ్యక్షుడు బైడెన్ ఇన్‌ఫ్లేషన్ రిడక్షన్ యాక్ట్ మీద సంతకం పెట్టాక షరతులు ఒక్కొక్కటిగా వచ్చిపడ్డాయి. బండి ఉత్తర అమెరికాలో కూర్చినదై ఉండాలి, కారైతే ధర 55,000 డాలర్లు, ఎస్‌యూవీ గానీ వ్యాను గానీ అయితే 80,000 డాలర్లు దాటకూడదు, దంపతుల ఆదాయం 300,000 డాలర్లకు, ఒంటరివాడిదైతే 150,000 డాలర్లకు మించకూడదు, ఆపైన బ్యాటరీలోని ఖనిజాలు ఎక్కడివో కూడా చెప్పుకోవాలి. నా పెళ్లిచూపుల్లో మా ఆవిడ మేనత్త కూడా ఇన్ని ప్రశ్నలు వేయలేదు. కెనడాలోని విండ్సర్‌లో తయారైన క్రైస్లర్ పసిఫికా హైబ్రిడ్ 2023లో ఈ పరీక్షలన్నీ నెగ్గి పూర్తి 7,500 డాలర్లు అందుకుంది; జపాన్ నుంచి ఓడెక్కి వచ్చిన టొయోటా రావ్4 ప్రైమ్, ప్రియస్ ప్రైమ్ మాత్రం గుమ్మంలోనే ఆగిపోయాయి. మేము మెచ్చిన బండి కూడా ఓడ దిగినదే. పైగా మా ఇద్దరి జీతాలూ కలిపితే గీత దాటాయని తెలిసి, జీతం పెరిగినందుకు మొదటిసారి ఇంట్లో ఇద్దరం ఒకరినొకరు నిందించుకున్నాం.

అయితే తమ ఇంటికి పెరటివైపు గోడ లేదన్న సంగతి అప్పటికే ఊరంతా తెలిసిపోయింది. అదే చట్టంలో వ్యాపార వాహనాల కోసం 45డబ్ల్యు అనే సెక్షన్ ఒకటి పెట్టారు. దానికి బండి తయారైన దేశంతో పని ఉండేది కాదు, ధర హద్దుతో పని ఉండేది కాదు, ఆదాయంతో అసలే పని ఉండేది కాదు. లీజు బండికి యజమాని లీజింగ్ కంపెనీ, కంపెనీ అన్నాక చేసేది వ్యాపారమే, కనుక దాని పేరున ఉన్నది వ్యాపార వాహనమేనని 2022 డిసెంబరులో ట్రెజరీ శాఖ తేల్చింది. ఆ చట్టం నెగ్గడానికి కీలకమైన ఓటు వేసిన సెనేటర్ జో మాన్చిన్, ఇది చట్టం ఉద్దేశానికే విరుద్ధమని అభ్యంతరపెట్టారు గానీ, అప్పటికి డీలర్లు లీజు కాగితాలు అచ్చు వేయించేశారు. ఆ విధంగా మా అమ్మాయిని భరతనాట్యం క్లాసుకు దించి వచ్చే బండి వాణిజ్య వాహనమైంది. జీతం తీసుకోవలసింది పోయి ఎదురిచ్చే డ్రైవరును నేనయ్యాను.

ఇక్కడే తమతో నాకు మొదటి పేచీ. తమరు నేరుగా నా చేతికి వచ్చేవారు కారు, లీజింగ్ కంపెనీ ఖాతాలో పడేవారు. అందులో ఎంత నాకు వదలాలన్నది దాని దయాధర్మం, వదిలితీరాలని చట్టంలో ఎక్కడా లేదు. పెట్రోలు ఇంజను కూడా ఉన్న బండికి ఆ సెక్షన్ కింద దక్కేది దాని విలువలో 15 శాతం, 7,500 మించకుండా. మా 45,000 డాలర్ల బండికి ఆ లెక్కన 6,750 రావాలి, కాగితం మీద నాకు కనిపించినది 6,500. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. మా పూజారి 250 డాలర్ల దక్షిణతో వదిలిపెట్టాడు కాబట్టి లోకం ఇంకా అంత చెడిపోలేదని సరిపెట్టుకున్నాను.

2024 అక్టోబరులో ఒక శనివారం మధ్యాహ్నం, పేరు అనవసరమైన ఒక డీలరు దగ్గర, అద్దాల గదిలో ఫైనాన్స్ మేనేజరు ముందు కూర్చున్నాం. ఆయన కాగితం మీద నాలుగు గడులు గీసి, నెలసరి వాయిదా ఉన్న గడి చుట్టూ లావాటి పెన్నుతో మూడుసార్లు సున్నా చుట్టి, మిగతా మూడు గడుల మీద తన మోచేయి ఆనించాడు. వడ్డీ ఎంత అని అడిగాను. లీజులో వడ్డీ అనేదే ఉండదనీ, మనీ ఫ్యాక్టర్ మాత్రమే ఉంటుందనీ, అది 0.0030 అనీ ఎంతో ఓర్పుగా చెప్పాడు. అన్ని సున్నాల వెనక నక్కి కూర్చున్న ఆ మూడును చూస్తే ఎవరికైనా జాలే కలుగుతుంది. బయటికి వచ్చి మా బావగారికి ఫోను చేస్తే, “దాన్ని 2,400తో హెచ్చించి చూడవోయ్, అప్పుడు ముసుగు తీస్తుంది” అన్నారు. హెచ్చిస్తే 7.2 శాతం వడ్డీ. లోపలికి వెళ్లి, బ్యాంకు ఇచ్చిన అసలు ఫ్యాక్టర్ ఎంత, మీరు కలిపినది ఎంత అని అడిగేసరికి, పై మేనేజరును కనుక్కుని వస్తానని ఆయన మాయమై, ఇరవై నిమిషాల తర్వాత 0.0025తో తిరిగి వచ్చాడు. ఆ 0.0005 తేడా నెలకు 32.75 డాలర్లు, మూడేళ్లకు 1,179 డాలర్లు. ఒక ఫోను కాల్‌కు ఇంత కూలి నాకు ఏ ఉద్యోగంలోనూ గిట్టలేదు.

లెక్క అసలు వేసినది మా ఆవిడ, ఆ రాత్రి ఇండియన్ స్టోరు రసీదు వెనకవైపున. 45,000లోంచి తమరి 6,500 పోతే 38,500. మూడేళ్ల తర్వాత బండి విలువ, అంటే రెసిడ్యువల్, అరవై శాతం చొప్పున 27,000 అని కంపెనీ ముందే రాసిపెట్టింది. ఆ రెండింటి తేడా 11,500ను 36 నెలలకు పంచితే 319. ఆ రెండింటినీ కూడి 0.0025తో హెచ్చిస్తే 164, వెరసి 483. అదే బండికి అదే ఆరు శాతం వడ్డీకి, డౌన్ పేమెంట్ లేకుండా, అయిదేళ్ల లోను తీసుకుంటే నెలకు 870. మా ఊరి పాట్‌లక్ (ఇంటికో వంటకం తెచ్చుకునే) భోజనాల దగ్గర ఆర్థికశాస్త్రం ఇక్కడితో ముగుస్తుంది: 483 గొప్పదా 870 గొప్పదా అని అడిగి, పులిహోర రెండోసారి వడ్డించుకుని, అందరూ లీజు వైపు చేతులెత్తుతారు.

మా ఆవిడ రసీదును తిప్పి రెండోవైపు ఖాళీలో మళ్లీ మొదలుపెట్టింది. లోనులో మూడేళ్లకు కట్టేది 31,320. అప్పటికి మిగిలిన బాకీ 19,630. బండి 27,000 పలికితే 7,370 మన చేతిలో ఉంటుంది కాబట్టి మూడేళ్ల అసలు ఖర్చు 23,950. లీజులో వాయిదాలు 17,395, బండి ఇచ్చేటప్పుడు తీసుకునే అక్విజిషన్ ఫీజు 700, తిరిగి అప్పగించేటప్పుడు తీసుకునే డిస్పొజిషన్ ఫీజు 350, మొత్తం 18,445. (కాపురానికి తెచ్చుకునేటప్పుడూ కట్నమే, పుట్టింటికి పంపేటప్పుడూ కట్నమే.) టెక్సాస్‌లో లీజు బండికైనా మొత్తం ధర మీద 6.25 శాతం పన్ను పడుతుంది గనుక దాన్ని రెండువైపులా కొట్టేసింది. లీజు 5,500 డాలర్లు చవక. తర్వాత ఆమె ఊరికే ఉండక, తమరే లేరనుకుని ఇంకో వరస వేసింది: అప్పుడు లీజు వాయిదా 680, ఫీజులతో కలిపి మూడేళ్లకు 25,530, లోను కంటే దాదాపు 1,580 ఎక్కువ. లీజా లోనా అని మా ఇంట్లో మూడు వారాలు సాగిన వాదనను, మేము నోరు తెరవక ముందే తమరు తేల్చేసి పెరటి అరుగు మీద కూర్చుని ఉన్నారని అప్పుడు గానీ తెలిసి రాలేదు.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. మూడేళ్ల నాటికి బజారులో ఆ బండి 22,000 మాత్రమే పలికితే ఆ నష్టం కంపెనీది, 30,000 పలికితే 27,000కే కొనుక్కునే హక్కు నాది. ఈ ఒక్క విషయంలో లీజును వేలెత్తి చూపలేను. కానీ ఏడాదికి 12,000 మైళ్లు, దాటితే మైలుకు 20 సెంట్లు అన్న వాక్యం వచ్చిన దగ్గర నుంచి మా ఇంట్లో బంధుప్రేమను మైళ్లలో కొలుస్తున్నారు. హ్యూస్టన్‌లో మా పెద్దమ్మ మనవడి అన్నప్రాశనకు పోయి రావడమంటే 530 మైళ్ల పైచిలుకు. కోటా దాటితే 106 డాలర్లు, చదివింపులు వేరే.

ఇక వాహన పూజ సంగతి. బండి ఇంటికి వచ్చిన ఆదివారం గుడికి తీసుకువెళ్లి, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి, కొబ్బరికాయ చేతిలో పట్టుకుని నిలబడ్డాను. పూజారిగారు సంకల్పం అందుకుని, “యజమాని పేరు, గోత్రం చెప్పండి” అన్నారు. రిజిస్ట్రేషన్ కాగితంలో యజమాని స్థానంలో ఉన్నది ఒక లీజింగ్ ట్రస్టు. నా గోత్రం చెబితే అబద్ధం, ట్రస్టు గోత్రం నాకు తెలియదు. కొద్దిసేపు తటపటాయించి, ఆయనే పెద్దమనసుతో, “నడిపేవారి గోత్రం చెప్పండి, సరిపోతుంది” అన్నారు. తెనాలి నుంచి వీడియో కాల్‌లో ఇదంతా చూస్తున్న మా నాన్నగారు, “ఏరా, ఇంతకీ సొంతమా, అద్దెదా?” అని అడిగారు. తమరి చరిత్ర మొత్తం చెప్పుకొచ్చాను. ఆయన అంతా విని, “అంటే అద్దెదే” అని ఫోను పెట్టేశారు.

బావగారు నా కంటే తెలివైనవారు. లీజు తీసుకుని తమరిని జేబులో వేసుకుని, రెండో నెలలోనే బండిని కంపెనీ దగ్గర కొనేస్తే అద్దె మచ్చ ఉండదు, రాయితీ రాయితీగానే ఉంటుందని లెక్క వేశారు, వేసినట్టే చేశారు కూడా. టెక్సాస్‌లో ఆ కొనుగోలును వేరే అమ్మకంగా చూస్తారని, మళ్లీ 6.25 శాతం పన్ను కట్టాలని బండి పేరు మార్చే కౌంటరు దగ్గర తెలిసింది. దాదాపు 38,000 మీద రెండోసారి పన్ను సుమారు 2,400, అక్విజిషన్ ఫీజు 700 పోగా తమరి 6,500లో ఆయనకు మిగిలినది 3,400. అయినా ఇప్పటికీ ఆయన ఆ సంఖ్యను నెమ్మదిగా, 6,500 అన్న సంఖ్యను గట్టిగా చెబుతారు.

తమరి ఆశయం గొప్పదని వినికిడి: పెట్రోలు తగ్గాలి, గాలి శుభ్రపడాలి. మా బండి ఒక్క చార్జితో 40 మైళ్ల దాకా కరెంటు మీదే వెళ్తుంది, నా ఆఫీసు 14 మైళ్లు, కాబట్టి ప్లగ్గు పెట్టినంత కాలం పెట్రోలు బంకు మొహం చూడనక్కరలేదు. అయితే తమరి షరతుల్లో బ్యాటరీ ఎన్ని కిలోవాట్ అవర్లు ఉండాలో రాశారు గానీ, ప్లగ్గు పెట్టాలని మాత్రం ఎక్కడా రాయలేదు. మా గ్యారేజీలో ఉన్న ఒకే ఒక్క 120 వోల్టుల సాకెట్టు ముందు సోనామసూరి బస్తాలు, అత్తగారు పంపిన మాగాయ జాడీలు ఉన్నాయి. వాటిని జరిపి తీగ లాగడానికి నాకు రెండు వారాలు పట్టింది, రాత్రి ఏడింటికి పెడితే తెల్లవారి ఏడింటికి గానీ నిండదు. నా ఎదురింటాయన బండిలో చార్జింగ్ తీగ ఇప్పటికీ కంపెనీ కట్టిన ప్లాస్టిక్ తొడుగులోనే ఉంది. ఆయనకు నాకంటే సెంటు తక్కువ ముట్టలేదు.

తమరు పోయాక వారసత్వం ఎవరికి దక్కిందో కూడా మనవి చేయాలి. 2025 జులై 4న సంతకమైన కొత్త చట్టం తమరికి ముగింపు తేదీ రాసి, అదే చేత్తో కారు లోను వడ్డీకి ఏడాదికి 10,000 డాలర్ల దాకా ఆదాయంలోంచి మినహాయింపు ఇచ్చింది. 2025 నుంచి 2028 దాకా అది చెల్లుతుంది. తమరి వాలకానికి పూర్తిగా తలకిందులు: లీజుకు వర్తించదు, లోనుకే, ఉత్తర అమెరికా చాలదు, తుది కూర్పు అమెరికాలోనే జరగాలి, దంపతుల ఆదాయం 200,000 దాటిన దగ్గర నుంచి కరిగిపోవడం మొదలవుతుంది. నిన్నటి దాకా లీజు తీసుకోనివాడు అమాయకుడు, ఇవాళ లీజు తీసుకున్నవాడు అమాయకుడు. ఇంతా చేసి, 45,000 లోనుకు మొదటి ఏడాది కట్టే వడ్డీ 2,480. 22 శాతం పన్ను శ్లాబులో ఉన్నవాడికి దాని మీద మిగిలేది 546 డాలర్లు. ఈ వార్త విన్న రాత్రి ఫోను లైటు వేసి మా బండి అద్దం కింద ఉన్న విన్ (బండి గుర్తింపు) నంబరు మొదటి అక్షరం చూశాను: జె, అంటే జపాన్. ఎదురింటి పసిఫికాది 2, అంటే కెనడా. మా ఇద్దరినీ కొత్త ప్రభువులు సమానంగానే చూశారు.

తమరికి నా విన్నపం ఒక్కటే. 2027 అక్టోబరులో లీజింగ్ కంపెనీ మనిషి వచ్చి, బండి చుట్టూ తిరిగి గీతలు లెక్కపెట్టి, తిరిగి ఇస్తావా, 27,000కు కొంటావా, కొత్తది లీజుకు తీసుకుంటావా అని అడుగుతాడు. ఆ వేళకు తమరు ఏ రూపంలోనైనా పునర్జన్మ ఎత్తే ఉద్దేశం ఉంటే, వీధి గుమ్మం నుంచి వస్తారో పెరటి నుంచి వస్తారో ఒక నెల ముందు కబురు చేయగలరు. మా ఆవిడ మరో రసీదు దాచి ఉంచింది.

ఇట్లు,
భవదీయుడు,
ఒక లీజుదారు
(గోత్రం: నాది గుళ్లో చెప్పాను. బండిది ఇంకా తెలియలేదు.)